వంకకు దారి వదిలిన హాలు

మా చిన్నమ్మ పోయిన వారం కుప్పంలో కన్నుమూసింది. గుండె ఆగిపోయిందని చిన్నాయన ఫోన్లో చెప్పాడు. మదనపల్లెలో భవనాలకు ప్లాన్లు గీసే ఆర్కిటెక్టు ఆమె. పుంగనూరులో మా పేటవాళ్లకు మాత్రం హాలు కట్టించిన అమ్మ.

మా పేట పల్లంలో ఉంటుంది. పెద్ద వాన పడితే వంక వీధుల్లోకి వచ్చేస్తుంది. హరికథలకూ నాటకాలకూ ఒక హాలు కావాలని పెద్దలు అడిగితే, ఆమె ముందు వంక వెంబడి నడిచి చూసి వచ్చింది.

“నీళ్లు యాడ పోవాలో ముందు సూద్దామప్పా. మనుషులు యాడ కూర్చోవాలో తర్వాత” అంది.

రాతి స్తంభాల మీద ఎత్తుగా, ఇక్కడి మట్టితో చేసిన ఇటుకలతో, ఫ్యాన్లు అక్కరలేకుండా గాలి ఆడే జాలీ గోడలతో కట్టించింది. కింద అంతా ఖాళీ. అక్కడ గోడలు లేపి అంగళ్లు పెడదామని ఎంతమంది పట్టుబట్టినా ఒప్పుకోలేదు. మొండిమనిషని తిట్టుకున్నారు.

హాలు కట్టిన కొన్నాళ్లకు, ఒక వానాకాలం మధ్యాహ్నం అందులో హరికథ జరుగుతోంది. నేనూ చిన్నమ్మా ఉన్నాం. వాన హోరులో కథ వినపడటం లేదు. ఎవరో తడిసి ముద్దై పరుగెత్తుకొచ్చి అరిచాడు.

“చెరువు నిండి మొరవ మీద పొర్లి పోతాండాది! వంక మీదికొస్తాండాది!”

జనం ఒక్కసారిగా మెట్లవైపు తోసుకున్నారు. చిన్నమ్మ రెండు చేతులూ చాపి మెట్లకు అడ్డంగా నిలబడింది.

“దిగొద్దండప్పా! వీధిలో నీళ్లు లాగేస్తాయి.”

“హాలు కూలిపోతే?” అన్నాడొకాయన కోపంగా.

“నేనూ ఈడనే ఉండాను గదప్పా.”

ఎర్రనీళ్లు మా కింద స్తంభాల మధ్య దూరాయి. ఏదో దుంగ వచ్చి గట్టిగా తగిలింది. నేల అదిరింది. పిల్లలు ఏడుపు అందుకున్నారు. నేను చిన్నమ్మ చెయ్యి పట్టుకున్నాను.

“నీకు భయం లేదా?” అని చెవిలో అడిగాను.

“యాల లేదమ్మా? ఉండాది. నా మొగంలో కనపడితే వీళ్లు ఆగరు.”

సాయంత్రానికి నీళ్లు తీశాయి. వీధిలో బండ్లు కొట్టుకుపోయాయి గానీ హాల్లో ఒక్కరికీ ఏమీ కాలేదు. అందరూ దండాలు పెడుతుంటే ఆమె బురదలోకి దిగింది. ఒక స్తంభం మొదట్లో మట్టి కోసుకుపోయి ఉంది. తానే అందరినీ పిలిచి చూపించింది.

“పునాది ఇంకా లోతుకు పోయుండాల్సింది. నా తప్పే. బాగుచేసేదాకా ఎవురూ పైకి ఎక్కొద్దండి.”

పొగిడేవాళ్ల ముందు ఆ మాట అనగలగడం ఎంత కష్టమో, సొంతంగా పనిచేయడం మొదలుపెట్టాక నాకు తెలిసింది.

స్తంభం బాగయ్యాక హరిదాసు ఆగిన కథను మళ్లీ ఎత్తుకున్నాడు. చిన్నమ్మ వెనక వరసలో కూర్చుని, కాసేపటికే పక్కనున్న ముసలావిడ భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. కథ ముగిసింది. మంగళం పాడారు. జనం లేచి వెళ్లిపోయారు. ఆ ముసలావిడ మాత్రం భుజం కదలనీయకుండా అట్లాగే కూర్చుని ఉంది.