విత్తనం కాయల బిస్కెట్లు

పోయిన వారం మా బడిలో పనిచేసే ఒకామె తన కూతురి పెండ్లి పత్రిక ఇచ్చింది. పత్రికతో పాటు అరచేతిలో పట్టేంత అట్టపెట్టె, దానికి బంగారు రంగు రిబ్బను, లోపల నాలుగు బిస్కెట్లు. "ఇంట్లోనే చేసినాం మేడం, నేనూ మా పాపా. ఇప్పుడంతా ఇదే కదా ఫ్యాషను" అనింది. స్టాఫ్ రూములో అందరూ తలా ఒకటి తిని మెచ్చుకుంటా ఉంటే నేను బిస్కెట్టు నోట్లో పెట్టుకొని ఊరికే కూర్చున్నాను. ఇరవై ఏండ్ల పైమాటే, బత్తలపల్లె దగ్గర నాలుగు వీధులుండే మా పల్లెలో, మా నాయన మా అక్క పెండ్లి పత్రికలతో పాటు బిస్కెట్లు పంచినాడు. చేసింది కూడా ఆయనే. ఆ మాట ఆడ చెప్పాలనిపించింది గానీ, గంట కొట్టేలోపల చెప్పి ముగించే సంగతి కాదని ఊరుకున్నాను.

మా నాయన వంటింట్లోకి వచ్చే మనిషి కాదు. మంచినీళ్లు కావాలన్నా వాకిట్లో నుంచే కేక వేసేవాడు. అంతా మెట్ట సేద్యం, అంతా శెనక్కాయ. ఆ ఏడు మృగశిర కార్తె పోయింది, ఆరుద్ర పోయింది, చినుకు లేదు. పడమటి గాలి మాత్రం పొద్దు పుట్టినప్పటి నుంచి పొద్దు గూకే దాకా దుమ్ము లేపుకుంటా కొట్టేది. విత్తనం కాయల మూటలు నడవలో ఒకదాని మీద ఒకటి పెట్టి ఉండేవి. నాయన కూర్చోలేడు, నిలబడలేడు. పగ్గాలు విప్పి మళ్లీ పేనేవాడు. విత్తనం వేసే గొర్రును బిగించి మళ్లీ ఊడదీసేవాడు. దినానికి పదిసార్లు మిద్దె ఎక్కి పడమటి దిక్కు చూసి, ఎవరో పిలిచినట్టు గబగబా దిగి వచ్చేవాడు. "ఎక్కినప్పుడంతా మబ్బు వస్తాదా? కొంచేపు కూర్చోరాదా" అని అమ్మ అంటే, కూర్చొని, ఆమె వెనక్కి తిరిగేలోపల లేచిపోయేవాడు. ఆయన్ను చూసి మాకూ కుదురు లేకుండా పోయింది. నేను అప్పుడే డిగ్రీ పరీక్షలు రాసి వచ్చి, ఫలితాల కోసం ఎదురు చూస్తా ఉండాను. అక్కకు కదిరి సంబంధం కుదిరింది. శ్రావణంలో పెండ్లి. ఇంట్లో ఎవరి కాలూ ఒక చోట నిలిచేది కాదు.

అసలు సంగతి పెండ్లి కాదు, గోడ. మాదీ మా పెద్దనాయనదీ ఒకే ఇల్లు. అంటే, ఒకప్పుడు ఒకే ఇల్లు. నేను చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ ఉమ్మడి బోరు నీళ్ల కాడ మాటా మాటా అనుకొని, భాగాలు పంచుకొని, పెరటి దాకా నడిమధ్యన గోడ కట్టుకున్నారు. పెద్దనాయన తన వాకిలిని వెనక వీధికి మార్చుకున్నాడు. అప్పటి నుంచి తొమ్మిదేండ్లు ఇద్దరికీ మాటల్లేవు. ఆ బోరు మూడేండ్లకే ఎండిపోయింది. ఏ నీళ్ల కోసం కొట్లాడినారో ఆ నీళ్లు లేవు, కొట్లాట మాత్రం ఉండాది. గోడ అవతల పెద్దనాయన దగ్గు మాకు వినపడేది. మా అమ్మ తిరగమోత పెడితే పెద్దమ్మ తుమ్మేది. కానీ వీధిలో ఎదురుపడితే ఇద్దరు మొగోళ్లూ తలలు పక్కకు తిప్పుకొని పోయేవాళ్లు.

అక్క పెద్దనాయన భుజాల మీద పెరిగింది. పత్రికలు అచ్చు వేయించాలని నాయన అనుకుంటా ఉన్న దినం, అక్క తలుపు పట్టుకొని నిలబడి, "పెద్దనాయన రాకపోతే నేను పీటల మీద కూర్చోను నాయనా" అని చెప్పింది. గట్టిగా కూడా చెప్పలేదు. అన్నం పెట్టమంటావా అని అడిగినట్టు చెప్పింది. అందుకే మాకు భయమైంది. నాయన మిద్దె ఎక్కినాడు. ఆ సారి చాలాసేపు దిగలేదు.

ఆ కాలంలో మా పక్క పండగలకూ పెండ్లిండ్లకూ బిస్కెట్లు కావాలంటే మైదా, చక్కెర, డాల్డా మనమే తీసుకుపోయి బేకరీలో ఇచ్చేవాళ్లం. వాళ్లు పొయ్యిలో కాల్చి, మన డబ్బాలోనే పోసి ఇచ్చేవాళ్లు. బత్తలపల్లె బస్టాండు దగ్గర కర్ణాటక నుంచి వచ్చినాయన ఒకడు చిన్న బేకరీ పెట్టుకొని ఉండేవాడు. పెండ్లికి వచ్చే చుట్టాల కోసమని అమ్మ సామాన్లు కట్టి నాయనను ఆడికి పంపింది. పొద్దున పోయిన మనిషి సాయంత్రానికి వచ్చినాడు. మరుసటి దినం ఇవ్వడానికి ఏమీ లేకపోయినా మళ్లీ పోయినాడు. మూడో దినం కూడా. తర్వాత తెలిసింది, ఆయన ఆ పొయ్యి ముందర స్టూలు వేసుకొని కూర్చొని చూస్తా ఉన్నాడంట. "ఏమప్పా, రైతు నువ్వు, నీకెందుకీ పని? పిండి పెట్టి పో, కాల్చి పెడతా" అని బేకరీ ఆయన అంటే, "కాల్చేది నేను నేర్చుకోవల్ల" అన్నాడంట నాయన.

నాలుగో దినం సగానికి కోసిన ఇనుప డ్రమ్ము ఒకటి బండి మీద వేసుకొని వచ్చినాడు. పెరట్లో, సరిగ్గా పెద్దనాయన వాళ్ల గోడకు ఆనించి, రాళ్లూ పుట్టమన్నూ పెట్టి పొయ్యి కట్టినాడు. పెరడంతా ఖాళీగా ఉండగా ఆ గోడ దగ్గరే ఎందుకని అమ్మ అడిగితే, "ఈడ నీడ ఉండాది" అన్నాడు. నీడ సాయంత్రం పూట తప్ప ఆడ ఉండదు. ఊర్లో మాట పాకింది. ఎండిన చేను పక్కన పెట్టి ఈయన బిస్కెట్లు కాలుస్తాండాడంట అని రచ్చబండ దగ్గర నవ్వుకున్నారు. అక్క తల పట్టుకుంది. "కదిరోళ్లకు తెలిస్తే నా పరువేం కావల్ల" అని నా దగ్గర ఏడ్చింది.

ఇంట్లో పెద్ద రభస మాత్రం విత్తనం కాయల దగ్గర అయింది. నాయన నడవలోని ఒక మూట మూతి విప్పి శెనక్కాయలు చాప మీద కుమ్మరించినాడు. అమ్మ పరిగెత్తుకొని వచ్చి మూట పట్టుకుంది. "విత్తనం ముట్టుకుంటావా? రేపు వాన వస్తే ఏమి చల్లుతావు?" అనింది. కరువులో కూడా మా ఇంట్లో ఎవరూ ఆ మూటలో చెయ్యి పెట్టేవాళ్లు కాదు. ఆకలేస్తే పక్కింట్లో అడుక్కొచ్చేవాళ్లు గానీ దాన్ని ముట్టేవాళ్లు కాదు. నాయన గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకున్నాడు. "భూమిలో ఎయ్యలేకపోతి. మనుషుల నోట్లోనన్నా ఎయ్యనీ" అన్నాడు. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకొని, చాప దగ్గర కూర్చొని, కాయలు ఒలవడం మొదలుపెట్టింది. మేమూ కూర్చున్నాం.

విత్తనాలు వేయించి, పొట్టు ఊది, రోట్లో దంచి, మైదాలో కలిపి, చక్కెర పొడి, డాల్డా, చిటికెడు సోడా, చిటికెడు ఉప్పు. పిండి పిసికేది నాయనే, ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. గ్లాసు అంచుతో గుండ్రంగా కోసేది అమ్మ. బేకరీ బిస్కెట్లకు ఉన్నట్టు గీతలుండాలని కొత్త దువ్వెన ఒకటి తెచ్చినాడు, ఆ పండ్లతో గీతలు పెట్టేది నేను. మొదటి వాయి మాడి బొగ్గైంది. రెండోది పైన ఎర్రగా, లోపల పచ్చిగా ఉండింది. మూడోది కాలనే లేదు, పిండి పిండిగా చేతికంటుకుంది. వాకిట్లో కుక్కకు వేస్తే అది వాసన చూసి, నాయన ముఖం వైపు ఒకసారి చూసి, పోయి నీడలో పండుకుంది. వాయి పొయ్యిలో ఉన్నంతసేపూ నాయన డ్రమ్ము చుట్టూ తిరిగేవాడు. మూత తీసి చూసేవాడు, పెట్టేవాడు, మళ్లీ తీసేవాడు. మూత తీస్తే వేడి పోతుందని బేకరీ ఆయన చెప్పినాడంట. అది తెలిసీ తీసేవాడు. అన్నిసార్లూ గోడ అవతల దగ్గు వినపడేది. దగ్గు వినపడినప్పుడు నాయన చెయ్యి ఒక్క క్షణం ఆగేది.

పది దినాలకు ఒక వాయి కుదిరింది. ఇల్లంతా వేయించిన విత్తనాల వాసన. కొరికితే కరకరమని విరిగి నోట్లో కరిగిపోయింది. అమ్మ రెండు తినింది, మెచ్చుకోలేదు, మూడోది తీసుకుంది. అక్క ఏడుపు ఆపి ప్యాకింగు పనిలో పడింది. ధర్మవరంలో మగ్గం నేసే అమ్మ స్నేహితురాలు ఒకామె ఎర్ర పట్టుదారం తుంపులు ఇచ్చింది. అంగట్లో తెచ్చిన బటర్ పేపరులో నాలుగేసి బిస్కెట్లు పేర్చి, చుట్టి, రెండు పక్కలా మెలిపెట్టి, పత్రికతో పాటు ఇంటింటికీ ఇయ్యడానికి ఆ దారంతో కట్టినాం. దాని మీద ఎవరింటికో నేను స్కెచ్ పెన్నుతో రాసినాను. మొదటి పొట్లం మీద పేరు రాయబోతే నాయన ఆపినాడు. "దీని మీద వద్దు. ఇది నేను ఇచ్చొస్తా. నువ్వూ రామ్మా నాతో" అన్నాడు.

గోడ అవతలి ఇంటికి పోవడానికి వీధి చివరి దాకా పోయి చుట్టు తిరిగి రావల్ల. ఆ దూరం నడవడానికి మాకు ఎంతసేపు పట్టిందో. వీధి మలుపు దాకా పోయి, తుండుగుడ్డ మాసిందని వెనక్కి వచ్చి మార్చుకున్నాడు. మళ్లీ పోయి, పత్రికకు పసుపు పెట్టినావా అని అడిగినాడు. పెట్టినానంటే, చూపించు అన్నాడు. చూసి, నడిచినాడు. పెద్దనాయన వరండాలో మంచం మీద కూర్చొని ఉన్నాడు. తొమ్మిదేండ్ల తర్వాత అంత దగ్గరగా చూస్తే చాలా చిన్నగా కనిపించినాడు. మమ్మల్ని చూసి లేవలేదు, పొమ్మనలేదు. పెద్దమ్మ లోపల నుంచి వచ్చి, నాయనను చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత కుర్చీ తెచ్చి వేసింది. నాయన కూర్చోలేదు. పత్రికా, దాని మీద పొట్లమూ మంచం మీద పెట్టి, చేతులు ఏం చేసుకోవాలో తెలియక తుండుగుడ్డ మడతలు పెడతా నిలబడినాడు.

పెద్దమ్మే దారం విప్పి ఒక బిస్కెట్టు పెద్దనాయన చేతిలో పెట్టింది. ఆయన కొరికి, మెల్లగా నమిలి, మింగినాడు.

"ఉప్పెక్కువైంది" అన్నాడు పెద్దనాయన. తొమ్మిదేండ్లలో మొదటి మాట.

"ఏం కాలేదు. సరిగానే ఉండాది" అన్నాడు నాయన.

"నాకు తెలీదా? పది దినాల నుంచి గోడ పక్కన కూర్చొని వాసన చూస్తాండా. మొదటిది మాడ్చినావు. మూడోది కాలనే లేదు. పొయ్యి నోరు యాడికి పెట్టినావు?"

"తూర్పుకు."

"గాలేమో పడమటి నుంచి కొడతాంటే తూర్పుకు పెడితివా? నిప్పు ఎట్ల అంటుకుంటాదిరా?"

ఆ 'రా' అన్న మాటకు నాయన కుర్చీలో కూర్చున్నాడు. కూర్చొని, పొయ్యి తూర్పుకే ఎందుకు ఉండల్లో వాదించడం మొదలుపెట్టినాడు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకొని వంటింట్లోకి తీసుకుపోయి, అక్క గురించి ఒక్కొక్కటే అడిగింది. కాఫీ పొంగిపోయినా చూసుకోలేదు.

మరుసటి దినం పొద్దున్నే పెద్దనాయన గడ్డపార భుజాన వేసుకొని మా వాకిట్లోకి వచ్చినాడు. అమ్మ చూసి, రాత్రికి రాత్రే మనసు మారి కొట్లాటకు వచ్చినాడేమో అనుకొని నాయనను కేకేసింది. పెద్దనాయన ఆమెను దాటుకొని నేరుగా పెరట్లోకి పోయి, పొయ్యి ముందర భాగం నాలుగు పోట్లతో పడగొట్టినాడు. పుట్టమన్ను తడిపి, నోరు పడమటి దిక్కుకు తిప్పి మళ్లీ కట్టినాడు. నాయన మూతి ముడుచుకొని మన్ను అందించినాడు. ఆ పొయ్యిలో వాయి నిజంగానే ముందుకంటే బాగా కాలింది. నాయన మాత్రం ఒప్పుకోలేదు. "అది చెయ్యి తిరిగి బాగయింది, నోరు తిప్పితే కాదు" అన్నాడు. మిగిలిన వారం దినాలూ ఇద్దరూ ఆ పొయ్యి దగ్గరే వాదులాడుకుంటా బిస్కెట్లు కాల్చినారు. అమ్మా పెద్దమ్మా ఎదురెదురుగా కూర్చొని పొట్లాలు కట్టినారు. రచ్చబండ దగ్గర నవ్వినవాళ్లు, ఇంకా రెండు ఇయ్యమ్మా అని పత్రిక ఇచ్చినప్పుడు చెయ్యి చాపినారు. కదిరోళ్లు నవ్వలేదు. పెండ్లికొడుకు తల్లి ఎట్ల చేసినారో రాసియ్యమని అడిగింది.

పెండ్లిలో అక్కను పెద్దనాయనే చెయ్యి పట్టుకొని పీటల దగ్గరకు నడిపించినాడు. అక్క ఆయన భుజం మీద తల పెట్టి ఏడిస్తే, కాటుక ఆయన తెల్ల చొక్కాకంతా అంటుకుంది. ఆ చొక్కా ఆయన ఉతకనియ్యలేదని పెద్దమ్మ తర్వాత చెప్పింది. పెండ్లయిన వారానికి ఒక మంచి వాన పడింది. శెనక్కాయకు కాలం దాటిపోయింది. అన్నదమ్ములిద్దరూ కలిసి ఉలవలు చల్లినారు.

పెద్దనాయన ఆ తర్వాత నాలుగేండ్లే ఉన్నాడు. ఆ నాలుగేండ్లలో ఇద్దరూ వాదులాడని దినం లేదు, కానీ పోయిన తొమ్మిదేండ్ల మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాయన ముసలితనంలో ఒక మధ్యాహ్నం నేను అడిగినాను, "అంతకాలం ఎట్ల ఉండగలిగినావు నాయనా, ఒక గోడ అవతలే ఉంటే?" అని. "తొమ్మిదేండ్లు ఉందామని ఎవరు అనుకున్నారమ్మా? రేపు పోదాంలే అనుకుంటా ఉంటి" అన్నాడు.

ఏండ్లు ఎవరికీ ఏండ్లుగా కనపడవు. ఒక్కొక్క రేపుగా వాకిట్లోకి వచ్చి, ఒక్కొక్క నిన్నగా దాటిపోతాయి.