మూత పెట్టిన పొర

మా వీధిలో పది రోజులు ఒక మాట తిరిగింది. మా పైవాటాలో ఉండే పొరల మామయ్య, దుకాణంలో కొన్న ప్లాస్టిక్ రేకుని తానే చేశానని చెప్పి దొరికిపోయాడనీ, ప్రయోగశాలవాళ్ళు ఇంటికి పంపేశారనీ. నిప్పు లేనిదే పొగ రాదని మందుల షాపావిడ నాతోనే అంది. కళ్ళతో చూసొచ్చినదాన్ని నేను కనక, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పొరల మామయ్యన్నది పిల్లలు పెట్టిన పేరు. ఆయన పనే అది. పంచదార పలుకుల్లాంటి ప్లాస్టిక్ గింజల్ని ఘాటైన ద్రావకంలో కరిగించి, గాజుపలక మీద పోసి, సాపు చేసి, ఆరాక ఒలుస్తాడు. ఉల్లిపొర కన్నా పల్చన. దాన్ని యంత్రంలో బిగించి ఒకవైపు నుంచి రెండు వాయువులు వదిలితే, ఏది ఎంత తొందరగా అవతలికి పోతుందో అంకెల్లో తెలుస్తుంది. కావలసినదాన్ని పోనిచ్చి, అక్కర్లేనిదాన్ని ఆపేదే మంచి పొర. ఆయనవి అలాగే ఆపేవి. ఇరవై రెండేళ్ళుగా ఆ చేతికి తిరుగులేదు.

కిందటి నెల కొత్తగా చేరిన పరిశోధకురాలు అవే గింజలతో, అదే ద్రావకంతో, పుస్తకంలో ఆయన రాసిపెట్టినట్టే నాలుగుసార్లు చేసింది. నాలుగుసార్లూ రెండు వాయువులూ కలిసి దూసుకుపోయాయి. మరి ఈయన పొరలు ఎక్కణ్ణించి వస్తున్నాయని పెద్దాఫీసరుకి అనుమానం. తేలేదాకా ఇంట్లో ఉండమన్నాడు. కంచం ముందు కూర్చుని అలాగే లేచిపోతున్నారని వాళ్ళావిడ నా దగ్గర కళ్ళు తుడుచుకుంది. ఉద్యోగం పోతుందని కాదు, మోసగాడన్న పేరు మిగిలిపోతుందని ఆయన దిగులు.

అందరి ముందూ చేసి చూపించమని పిలిచిన రోజున ఆయన కళ్ళజోడు మరిచిపోయి వెళ్ళాడు. నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. గూట్లోంచి తీసి దాచింది కూడా నేనే అనుకోండి, అది వేరే సంగతి.

నన్ను లోపలికి రానివ్వలేదు. గుమ్మం బయట స్టూలు వేశారు. తలుపు వారగా తీసే ఉంది, నా కళ్ళకీ చెవులకీ ఏం లోపం లేదు.

ఘాటుని పైకి లాగేసే గాలి గూటిలో ఆయనా, ఆ కొత్త అమ్మాయీ చెరో పలక మీద పోశారు. అమ్మాయి పని అయిపోయింది. ఆయన మాత్రం బీరువాలోంచి ఒక గాజుమూత తెచ్చి, తన పలక మీద బోర్లించి, ఒక పక్క కాగితం మడతంత సందు ఉంచాడు.

"అదేంటండీ?" అంది అమ్మాయి.

"మూతమ్మా. ఎప్పుడూ పెట్టేదే."

"పుస్తకంలో లేదే?"

"దుమ్ము పడకుండా మూత పెట్టమని కూడా రాయాలా?"

పెద్దాఫీసరు వంగి ఆ మూతనీ, ఆ సందునీ చూశాడు. తర్వాత ఒకే సీసాలోంచి మూడు పలకల మీద పోయించాడు. మూత కింద ఒకటి, గూటి గాలికి ఒకటి, ఫ్యాను కింద ఒకటి. నాలుగో రోజుకి అంకెలొచ్చాయి. మూత కిందిది ఒక్కటే ఆపింది.

ఆ అమ్మాయే మా ఇంటికొచ్చి విడమరిచి చెప్పింది. గాలి తగిలి గబగబా ఆరితే లోపలి ప్లాస్టిక్ పోగులు సర్దుకోకముందే పొర బిగుసుకుపోయి సందులు మిగులుతాయట. నిదానంగా ఆరితే పోగులు ఒద్దికగా దగ్గరవుతాయట.

"గింజ ఒకటే మామ్మగారూ, గుణమంతా ఆరబెట్టడంలో ఉంది. ఆయనకి మొహం ఎలా చూపించను?"

"పైకెళ్ళి చూపించు. ఆయనేం కొరకడు" అన్నాను.

ఇప్పుడు వాళ్ళు అచ్చువేసే వ్యాసంలో మా పైవాటా మనిషి పేరు కూడా ఉంటుంది. మందుల షాపావిడకి ఈ కబురు నేనే చెప్పొచ్చాను. రెండుసార్లు.

అయినా నాకో పురుగు తొలుస్తూనే ఉంది. నిన్న మెట్ల మీద ఆపి అడిగేశాను.

"నిజం చెప్పు తమ్ముడూ, కిటుకంతా ఆ మూతలోనే ఉందని నీకు ముందే తెలుసు కదూ?"

"తెలియదక్కయ్యగారూ. దుమ్ము కోసమే పెట్టాను. తెలిసి చేశానని వ్యాసంలో రాస్తే, పట్టుబట్టి కొట్టేయించాను. చెయ్యనిది చేశానన్నానని కదా ఇన్నాళ్ళూ మాటపడ్డాను."