భర్తకు ఇవ్వని పాస్‌వర్డు

కోవిడ్ తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది, తిరుపతిలో నేను పనిచేస్తున్న ప్రైవేటు ఆసుపత్రి కంప్యూటర్ విభాగానికి వసంతను అధిపతిగా నియమించారు. ఆ పోస్టు నాకే వస్తుందనుకున్నాను. ఆ ఆసుపత్రిలో మొదటి కంప్యూటరుకు తీగలు బిగించింది నేనే. వసంతది నగరిలో మరమగ్గాల కుటుంబం. చెన్నైలో ఏదో కంపెనీలో పనిచేసి వచ్చింది. మా అమ్మాయి కంటే చిన్నది. సిస్టమ్స్ మేనేజరునైన నేను ఇకమీదట ఆమె కింద పనిచేయాలి.

వచ్చీ రాగానే ఆమె అందరి యాక్సెస్ హక్కులూ సరిచూసింది. ఎవరి పనికి ఎంత అవసరమో అంతవరకే తలుపు తెరవాలన్నది మా వృత్తిలో మూలసూత్రం. ఫార్మసీ వాళ్లకు మందుల చీటీ కనిపిస్తే చాలు, రోగి జబ్బుల చరిత్రంతా అక్కర్లేదు. కొత్తగా చేరినవాళ్లకు నేనూ ఇదే చెప్పేవాణ్ణి. కానీ ఎవరి పాస్‌వర్డునైనా మార్చగల అడ్మిన్ హక్కును నా పేరు మీదినుంచి తీసేసినప్పుడు ఆ సూత్రం నాకు చేదుగా తగిలింది. "మీ మీద నమ్మకం లేక కాదు సార్" అంది వసంత. ఆ ఓదార్పు ఇంకా మండించింది. నా గది ముందు నిలబడే డాక్టర్లు, నర్సులు ఆమె గది వైపు తిరిగారు. ఆమె నవ్వు గోడ అవతలినుంచి వినబడినా నాకు పని సాగేది కాదు. ఆమె ఎక్కడైనా తప్పటడుగు వేస్తుందేమోనని కాచుకుని ఉండేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆ అవకాశం వచ్చిందనుకున్నాను. మా ఆసుపత్రిలో మత్తు డాక్టరైన సుజాత భర్త, రామమోహన్, నా దగ్గరికి వచ్చాడు. వాళ్ల పెళ్లి భోజనం తిన్నవాణ్ణి నేను.

"అన్నా, ఆమె ఆపరేషన్ థియేటర్లో ఉండాది. పాత ఫోను యాడనో పోయింది. పాస్‌వర్డు మార్చి, లాగిన్ కోడు ఈ కొత్త నంబరుకు వచ్చేట్ల సేయండి. ఆమే పంపించినాది" అన్నాడు. ఆమె ఉద్యోగి నంబరు, పుట్టిన తేదీ నేను అడగకముందే చెప్పాడు. ఆ ఒక్క పాస్‌వర్డుతో ఆసుపత్రి మెయిలు, డ్యూటీ చార్టు, తోటి డాక్టర్లతో నడిపిన సందేశాలు అన్నీ తెరుచుకుంటాయి.

వెనకటి రోజులైతే కూర్చున్నచోటే చేసిచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆయన్ను వసంత దగ్గరికి తీసుకెళ్లి, నాకు బాగా తెలిసినవాళ్లేనని హామీ ఇచ్చాను. ఆమె కుర్చీ చూపించింది. ఖాతా ఎవరిదో వాళ్లే వచ్చి అడగాలనీ, డాక్టరమ్మ థియేటరునుంచి రాగానే తానే వెళ్లి కనుక్కుంటాననీ నెమ్మదిగా చెప్పింది.

"నేను ఆమె మొగుడ్నమ్మా. నాకంటే సాక్ష్యం ఇంకేం కావల్ల?"

"మీరెవరో నాకు అనుమానం లేదు సార్. కానీ మీరు డాక్టరమ్మ కాదు గదా."

రామమోహన్ లేచి నా వైపు తిరిగాడు. "ఏందన్నా, ఇంత కాలం పన్జేసినావు, ఈ మాత్రం కూడా నీ సేతిలో లేదా?" ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

సుజాత థియేటరునుంచి బయటికి రాగానే వసంత కంటే ముందు నేనే ఎదురెళ్లాను. మీ పాస్‌వర్డు మార్పించడానికి వచ్చిన మీ ఆయనకు మా విభాగంలో అవమానం జరిగింది, డైరెక్టరుగారికి మీరొక ఫిర్యాదు ఇస్తే మంచిది అన్నాను. మాస్కు విప్పుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇచ్చేసినారా సార్?"

లేదన్నాను. ఆమె గోడకు ఆనుకుంది. జేబులోంచి ఫోను తీసి చూపింది; అది ఎక్కడికీ పోలేదు. సర్జన్లతో నవ్వుతూ మాట్లాడినా భర్తకు అనుమానమని, ఇంటికి పోగానే ఆ ఫోను ఆయన చేతికివ్వాలని మెల్లగా చెప్పింది.

"నాకని మిగిలింది ఇక్కడి కంప్యూటర్లోనే తెరిచే ఆ మెయిలొకటే సార్. ఇల్లు విడిచి వచ్చేస్తానని మా అక్కకు అందులోనే రాస్తావుండాను. ఆయన అది సదివింటే..."

మాట పూర్తి చేయకుండా సుజాత, వసంత గదిలోకి వెళ్లింది. అద్దం తలుపులోంచి చూశాను, ఆమె వసంత రెండు చేతులూ పట్టుకుని ఉంది. అంత జరిగినా ఆ క్షణంలో నాకు కలిగింది అసూయే. ఆ చేతులు నావి ఎందుకు కాలేదనిపించింది. ఆ మధ్యాహ్నం హక్కు నా చేతిలో ఉండి ఉంటే ఏం చేసేవాణ్ణో మాత్రం ఇంటికి వెళ్లే దారిలో గానీ తలకెక్కలేదు.

సుజాత కొద్ది రోజుల్లోనే ఆసుపత్రి క్వార్టర్సుకు మారిపోయింది, ఉద్యోగం మానలేదు. జరిగినదాని మీద డైరెక్టరుకు ఇచ్చిన నివేదికలో వసంత నా హామీ సంగతి ఎక్కడా రాయలేదు. ఆ పెద్దమనిషితనం కూడా నాకు మింగుడుపడలేదు.

మనిషి తెలియడం వేరు, ఆ మనిషి తరఫున అడిగే హక్కు ఎవరికుందో తెలియడం వేరు. ఇన్నేళ్ల సర్వీసులో ఈ రెండింటినీ నేను ఒకటిగానే చూశాను. వసంత మీద అసూయ రిటైరయ్యేదాకా పోలేదు. అయినా ఎవరైనా వచ్చి "మీకు తెలిసినవాళ్లమే గదా" అంటే, వాళ్లను ఆమె గదికే పంపేవాణ్ణి, హామీ మాత్రం ఇచ్చేవాణ్ణి కాదు.