ధూపానికి మాత్రమే

ఆరేళ్లుగా గొంతులో ముల్లులా ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. ఇంట్లోవాళ్లకు చెప్పలేనిది, నా పేరు కూడా తెలియని మీకు చెబుతున్నాను.

గుడివాడలో నాది చిన్న రక్తపరీక్షల ల్యాబ్. ఒక మధ్యాహ్నం నాగాయలంక వైపు నుంచి ఒకావిడ భర్తను తీసుకొచ్చింది. సముద్రం మీద వేటకెళ్లే మనిషి. రెండు రోజులుగా నిద్ర లేదట, రెప్ప వేయడం లేదట. రెండో అంతస్తులో ఉన్న మా ల్యాబులో, పొడి గచ్చు మీద నిలబడి, లుంగీ మోకాళ్ల పైకి ఎత్తి పట్టుకున్నాడు. నీళ్లొచ్చేశాయి, పైకి రండని నన్ను పిలుస్తున్నాడు. నిజం చెప్పొద్దూ, కిందికి చూశాను.

గంజాయేమోనని కిట్టుతో మూత్రం పరీక్షించాను. ఏమీ లేదు. అప్పుడు ఆవిడ అతని చొక్కా జేబులో దొరికిన పొట్లం చూపించింది. మెరిసే కవరు, దాని మీద ‘ధూపానికి మాత్రమే’ అని అచ్చు. మా మరిది కొట్లో అమ్మే సరుకది.

అదేమిటో నాకు తెలుసు. మామూలు ఎండుటాకు మీద ఎక్కడో తయారైన రసాయనం చల్లి, చుట్టుకుని తాగడానికి ధూపం పేరుతో అమ్ముతారు. మెదడులో గంజాయి పట్టుకునే చోటే ఇదీ పట్టుకుంటుంది, కానీ ఇంకా గట్టిగా, వదలకుండా. గంజాయి కిట్టుకు చిక్కదు. చట్టం ఒకదాన్ని నిషేధిస్తే, అణువులో చిన్న ముక్క మార్చి ఇంకోటి దింపుతారు. "జాబితాలో దీని పేరు లేదు వదినా" అనేవాడు మరిది. నేనూ నమ్మినట్టు ఊరుకున్నాను.

"గంజాయి కాదుగా అండీ?" అంది ఆవిడ.

"కాదమ్మా."

"అయితే గాలి సోకిందండీ. ఇంటికెళ్లి తలుపులేసి ధూపం వేస్తాం. ఇది వేయొచ్చాండీ? ధూపమనే రాసుందిగా."

పెద్దాసుపత్రికి తీసుకెళ్లు, అది పారెయ్యి అంటే సరిపోయేది. అంటే, ఎందుకో చెప్పాలి. ఎక్కడిదో చెప్పాలి. మరిది కోసం భయపడ్డానా? నా పరువు కోసమా? ఎన్నిసార్లు తరచి చూసుకున్నా తేలేది ఒక్కటే. "ఊఁ" అన్నాను. పొట్లం నా చేత్తోనే తిరిగి ఆవిడ చేతిలో పెట్టాను.

మూసిన గదిలో పొట్లమంతా నిప్పుల మీద పోసిందట. అతను ఫిట్స్ వచ్చి అక్కడే పోయాడు. ఆవిడ స్పృహ తప్పింది గానీ బతికింది.

ఏటా వస్తుంది, ఎండు రొయ్యలు పట్టుకుని. పోయిన నెల కూడా వచ్చింది. నా రిపోర్టు వల్లే తన భర్తను ఊళ్లో ఎవరూ గంజాయోడు అనలేదట. ఆ మేలు మర్చిపోలేనంటూ గుమ్మంలో నిలబడి దణ్ణం పెడుతుంది. నేను తిరిగి దణ్ణం పెడతాను. ఆ రొయ్యలు వండుతాను, తింటాను కూడా.

ఆవిడకు చెప్పలేదు. చెబుతానని మాట ఇవ్వను, అంత ధైర్యం లేదు. అతన్ని చంపింది నేను. ఈ మాట రాసి చూసుకోవడం ఇదే మొదలు.