పాలకన్నా ముందు నీళ్లు

కొత్త ఇంట్లో సిమెంటూ రంగూ కలిసిన వాసన తగలగానే నా చెయ్యి కొంగుముడిలోని సుద్దముక్కను వెతుక్కుంటుంది. నిన్న రుద్రూర్‌లో మా ఆడబిడ్డ కూతురు కట్టుకున్న ఇంట్లో అడుగుపెట్టినప్పుడూ అంతే. అందరూ తలుపు మీద చెక్కిన నెమలిని చూస్తున్నారు. నేను బాత్‌రూమ్ ఎక్కడని అడిగాను. ఈ అలవాటు నాకు సుగుణ టీచరమ్మ దగ్గర్నుంచి వచ్చింది.

నిజామాబాద్‌లో మేము అద్దెకున్న గల్లీలోనే ఆమె ఇల్లు. రిటైరయ్యాక మధ్యాహ్నాలు బీడీలు చుట్టే ఆడవాళ్లను తన అరుగు మీద కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పేది. నేనూ వాళ్లలో ఒకదాన్ని; అప్పటికే నా పిల్లల పెళ్లిళ్లయిపోయాయి. చేతులు ఆకు చుడుతుంటే కళ్లు పలక మీద ఉండేవి. "ఈ వయసుల నాకెందుకు టీచరమ్మా?" అంటే, "ఆకలికి వయసు అడుగుతవా గంగామణీ? మరి చదువుకెందుకు అడుగుతున్నవ్?" అనేది.

ఆమె ఇంటి స్లాబు ప్రతి వానకూ కారేది. గృహప్రవేశం చేసుకున్నాకే ఆ సంగతి బయటపడిందట. "పాలు పొంగిచ్చినం. తూర్పుకు పొంగినయా, ఉత్తరానికి పొంగినయా అని అందరం వంగి చూసినం. మిద్దె మీద ఒక్క బిందె నీళ్లు మాత్రం పోసి చూడలే" అని తన మీద తనే నవ్వుకునేది.

తర్వాత మేము బోధన్ రోడ్డులో ఇల్లు కట్టించుకున్నాం. ముహూర్తం దగ్గరపడింది. అది దాటితే మూఢం, మళ్లీ మంచిరోజు ఎప్పుడో. అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని మాట ఇచ్చేశాం, చుట్టాలనూ పిలిచేశాం. టీచరమ్మకు బొట్టు పెట్టి చెప్పడానికి పోతే, ఆమె చెంబు పట్టుకుని నా వెంటే బయలుదేరింది.

అక్కడ మా ఆయనా మేస్త్రీ ఉన్నారు. ఆమె నేరుగా బాత్‌రూమ్‌లోకి పోయి నీళ్లు కుమ్మరించింది. అవి నీళ్లు బయటికి పోయే జాలీ వైపు పోకుండా గడప దాటి పడకగదిలోకి నడిచాయి. వంటింటి బండల మీద చీపురుకట్టెతో తట్టింది. కొన్ని, కింద సిమెంటు నిండక, ఖాళీ కుండల్లా మోగాయి. కిటికీ కింద కొత్త రంగు మీద అరచెయ్యి ఆనించి, నన్నూ ఆనించమంది. చల్లగా తగిలింది. నా చేతిలో సుద్దముక్క పెట్టింది.

"రాయి."

"కొత్త గోడ మీదనా? ఇంక పసుపు గూడ పెట్టలే!"

"పసుపు తర్వాత. ముందుగాల చెమ్మ అని రాయి."

రాశాను. పలక దాటి నేను రాసిన మొదటి మాట అదే. ఒత్తు కాస్త పక్కకు జారింది.

మేస్త్రికి ఒళ్లు మండింది. "గోడ ఖరాబ్ చేస్తున్నరు గదా టీచరమ్మా! గిది ఇల్లా, బడా?"

"ఆమె రాసింది తడిగుడ్డతోని తుడిస్తే పోతది బిడ్డా. నువ్వు చేసింది పోతదా?"

మా ఆయన నసిగాడు. "ముహూర్తం తప్పితే చుట్టాలేమంటరు? ముందు ఇంట్లకు పోదాం, తర్వాత చేపించుకుందాం."

"పాలు పొంగిచ్చుకోండ్రి, నేనే వచ్చి చేసిస్త" అని మేస్త్రి అందుకున్నాడు.

నేను టీచరమ్మ వైపు చూశాను. ఆమె చెంబు తీసుకుని గడప అవతలికి జరిగి నిలబడింది. ఇల్లు నాది, మాటా నేనే చెప్పాలి.

"పాలు పొంగినంక నువ్వు ఫోన్ ఎత్తవన్నా" అన్నాను మేస్త్రితో. "నీళ్లు సక్కగ పోయిననాడే నాకు ముహూర్తం."

మూఢమంతా అద్దె ఇంట్లోనే, ఇంటామెను బతిమాలుకుని ఉన్నాం. చుట్టాలు అనాల్సినవన్నీ అన్నారు. మేస్త్రి గొణుగుతూనే బండలు లేపాడు, వాలు సరిచేశాడు. గోడ లోపల పైపు అతుకు కారుతోందని అప్పుడే తెలిసింది. పాలు పొంగించే రోజు టీచరమ్మ మళ్లీ చెంబుతో వచ్చింది. పోసిన నీళ్లు బుద్ధిగా జాలీలోకి దిగిపోయాయి. "ఇగ పాలు పెట్టు" అంది.

ఇప్పుడామె లేదు. మా గోడల్లో చెమ్మా లేదు.

నిన్న రుద్రూర్‌లోనూ నేను చెంబుతో పోసిన నీళ్లు బాత్‌రూమ్ మూలన నిలిచిపోయాయి. కొంగుముడి విప్పాను. "అయ్యో అత్తమ్మా, కొత్త గోడ మీదనా?" అని మా ఆడబిడ్డ కూతురు కంగారుపడింది. సుద్దముక్క ఆమె చేతిలోనే పెట్టాను.

"నేను కాదు బిడ్డా, నువ్వే రాయి. ఇల్లు నీది."