ట్రాంబోన్ ఊదని హమీద్

మదనపల్లెలో నాకు మైక్‌సెట్ అంగడి ఉంది. పెళ్లిలో ఏం చెడినా తప్పు మైక్‌సెట్ లక్ష్మీపతిదే అంటారు కాబట్టి నాకు కోపం కొంచెం ఎక్కువ. హమీద్ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆ కోపం రాదు.

హమీద్ తన మేనమామ బాబు సాహెబ్ బ్యాండు మేళంలో ట్రాంబోన్ పట్టుకునేవాడు. పట్టుకునేవాడు అంటున్నాను, ఊదేవాడు అనడం లేదు. మా వైపు పెళ్లివాళ్లు బ్యాండు మాట్లాడేటప్పుడు పాట ఎలా ఉంటుందని అడగరు. ఎంతమంది వస్తారని అడుగుతారు. పన్నెండు మంది ఉంటేనే పరువు. నిజంగా వాయించడం వచ్చినవాళ్లు అందులో సగమే. మిగతావాళ్లకు ఎర్ర కోటు తొడిగి, చేతికి ఏదో ఒక గొట్టం ఇచ్చి, బుగ్గలు ఉబ్బించమంటారు. వాళ్లను డమ్మీలు అంటారు.

హమీద్ డమ్మీలలో పండితుడు. బుగ్గలు పూరించి, కళ్లు మూసి, మెడ నరాలు తేలేలా ఆ పొడుగు గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతుంటే, పెళ్లికొడుకు మేనత్తలు పనిగట్టుకుని వచ్చి, "ఎంత బాగా ఊదుతాండావు నాయనా" అని మెచ్చుకునేవారు. ఆ రోజు వాడికి బిర్యానీ కూడా సహించేది కాదు. తాను చేసిన చప్పుడు ఒక్కసారైనా నలుగురూ వినాలని వాడి కోరిక. అడిగితే బాబు సాహెబ్, "నక్కో రే, నువ్వు ఊదితే గుర్రం బెదురుతాది" అనేవాడు. ఒకసారి ఊదాడు. నిజంగానే బెదిరింది.

ఇలా ఉండగా హమీద్ ఫోను కింద పడింది. బస్టాండు దగ్గర సింధూజ అనే అమ్మాయికి మొబైల్ రిపేరు అంగడి ఉంది. బెంగుళూరులో ఉద్యోగం చేసినప్పుడు హాస్టల్లో గిటారు నేర్చుకుంది. ఫోను బాగుచేసి, స్పీకరు పనిచేస్తోందో లేదో చూడడానికి ఆమె ఒక వీడియో పెట్టింది. జపాన్ రాక్ బ్యాండు. ఉన్నది ముగ్గురే. ఒకరు గిటారు, ఒకరు బేస్ గిటారు, ఒకరు డ్రమ్ములు. ఇల్లు కూలిపోతున్నట్టు వాయిస్తూ ముగ్గురూ ఠక్కున ఆగారు. ఒక్క క్షణం ఏమీ లేదు. మళ్లీ ముగ్గురూ ఒకేసారి విరుచుకుపడ్డారు.

"మిగిలినోళ్లు యాడ పాపా?" అన్నాడు హమీద్.

"మిగిలినోళ్లు లేరన్నా. ముగ్గురే."

"డమ్మీలు?"

"ముగ్గురిలో ఒకరు ఊరకుంటే తెలిసిపోదా అన్నా?"

వాడికి పిచ్చి పట్టింది ఆ మాటతోనే. నా అంగడికి వచ్చి రోజూ అదే పాట. "అన్నా, ముగ్గురిలో దాక్కునేదానికి చోటే లేదు. ముగ్గురూ వాయించాల్సిందే." ఆ బ్యాండ్ల పేర్లు నాకు నోరు తిరగవు. మాటలు వాడికీ అర్థం కావు. అయినా కంటతడి పెట్టుకుని వినేవాడు. సింధూజ దగ్గర నాలుగు తీగల బేస్ గిటారు నేర్చుకుని, మామూలు గిటారుకు ఆమెనే ఒప్పించాడు. మేళంలో డ్రమ్ము కొట్టే మునిరత్నాన్ని లాగాడు. మునిరత్నానిది తంబళ్లపల్లె దగ్గర సేద్యం, శనక్కాయ పనులు లేనప్పుడే వస్తాడు. సాధన నా గోడౌనులో. నా చెవులు అప్పటినుంచి గుయ్యిమంటూనే ఉన్నాయి.

మొదటి పెళ్లి పుంగనూరులో. ముగ్గురూ ఎర్ర కోట్లు వేసుకుని మండపం ముందు నిలబడి, ప్రాణం పెట్టి వాయించారు. పెళ్లికూతురు తండ్రి శ్రద్ధగా విని, "టెస్టింగు బాగుండాదప్పా. మిగిలినోళ్లు రాగానే మొదలుపెట్టండి" అన్నాడు. ముగ్గురే అని చెప్పినా నమ్మలేదు. బస్సు దొరకలేదేమో అని ఎదురుచూడటానికి బావమరిదిని రోడ్డు మీదికి పంపాడు. పెళ్లికొడుకు కారులో కూర్చుని చెమటలు కక్కాడు. ముహూర్తం ముంచుకొస్తుంటే మేళం లేకుండానే లోపలికి తీసుకెళ్లారు. చివరికి తప్పు నా మైక్‌సెట్‌దే అన్నారు.

హమీద్ గిటారు గోడకు తగిలించేశాడు. "మా మామూ చెప్పిందే నిజం. నాకు చప్పుడు చేసే రాత లేదు. కుప్పం పెళ్లికి గొట్టం పట్టుకుంటా" అన్నాడు. నాకు చాలా బాధేసింది.

కుప్పం పెళ్లి రెడ్డెప్ప గారి ఇంట. పెద్ద కుటుంబం, పన్నెండు మందికి ఒక్కరు తగ్గినా ఊరుకోరు. సరిగ్గా అప్పుడే బాబు సాహెబ్ ముందు పళ్లు రెండూ పళ్ల డాక్టరు పీకేశాడు. పళ్లు లేకుండా క్లారినెట్ ఊదలేడు. ఆయన ఎత్తుకోకపోతే మిగతావాళ్లకు ఏ పాట ఎక్కడ మొదలవుతుందో తెలియదు. నలభై ఏళ్ల పేరు కుప్పంలో పోయేలా ఉంది.

ఆయన నా గోడౌనుకు వచ్చి, గోడకున్న గిటారు చూసి, గొంతు సవరించుకున్నాడు. "అరే హమీద్, ముందర మీరు ముగ్గురూ వాయించండి. ఎనక మేం తొమ్మిది మంది నిలబడతాం."

"నిలబడి?"

"ఏముండాది. డమ్మీ" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

కుప్పంలో మగపెళ్లివారు దిగగానే హమీద్ బేస్ తీగను మీటాడు. నా స్పీకర్లు అదిరాయి, పందిట్లో చెంబులు గలగలలాడాయి. సింధూజ గిటారు అందుకుంది, మునిరత్నం శనక్కాయ చెట్లు దులిపినట్టు డ్రమ్ములు దులిపాడు. వెనక తొమ్మిది మందీ బుగ్గలు పూరించారు. జనం ఎగరడం మొదలుపెట్టారు. రెడ్డెప్ప గారు తొమ్మిది గొట్టాలనూ చూసి తృప్తిగా తల ఊపుతున్నాడు. అంతా బాగుంది.

కానీ ఆ జపాన్ ఆపుడు గురించి వెనకవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ముగ్గురూ ఠక్కున ఆగారు. పందిరంతా నిశ్శబ్దం. వెనక తొమ్మిది మంది మాత్రం ఊగిపోతూ ఊదుతూనే ఉన్నారు. బాబు సాహెబ్ వేళ్లు క్లారినెట్ మీద నాట్యం చేస్తున్నాయి. ఈగ ఎగిరిన చప్పుడు కూడా లేదు. రెడ్డెప్ప గారి తల ఊపుడు ఆగిపోయింది. అంతలో ముగ్గురూ విరుచుకుపడ్డారు. ఇదేదో కొత్త విద్య అనుకుని జనం ఈలలు వేశారు.

పాట అయ్యాక రెడ్డెప్ప గారు నేరుగా బాబు సాహెబ్ దగ్గరికి వచ్చాడు. "ఏమప్పా బాబు సాహెబ్, మీరు ఊదేది వినబళ్లేదే. యాల?"

మైకు చెడిపోయిందని ఒక్క మాటంటే బాబు సాహెబ్ పేరు నిలబడుతుంది. మైక్‌సెట్ వాడు పక్కనే ఉన్నాడు, ఎప్పుడూ తిట్లు తినేవాడే. హమీద్ గిటారు పట్టుకుని తల వంచుకున్నాడు.

బాబు సాహెబ్ నోరు తెరిచి వేలితో చూపించాడు. "పళ్లే లేవప్పా. యాడ ఊదేది? మేమంతా ఉత్తుత్తికే నిలబడినాం. వాయించింది ఆ ముగ్గురు. ఆ నాలుగు తీగలోడు మా హమీద్, నా సెల్లెలి కొడుకు."

రెడ్డెప్ప గారు హమీద్‌ను కిందినుంచి పైదాకా చూశాడు. "నీ దెబ్బకు నా కడుపులో పేగులు ఊగినాయప్పా. ఇంగోటి వాయించు" అని, బాబు సాహెబ్ వైపు తిరిగి, "మీరు మాత్రం యాడికీ పోవద్దండి. మగపెళ్లోళ్లు లెక్క పెట్టుకోనుండారు" అన్నాడు.

రెండో పాటకు ముందు బాబు సాహెబ్ మేనల్లుడి పక్కకు వచ్చాడు. అందరి ముందరే, ఏ మొహమాటమూ లేకుండా అడిగాడు.

"హమీద్, ఆ బుగ్గలు ఎట్ల ఉబ్బిస్తావో కొంచెం సూపించు రా."