రెండు కంప్యూటర్ల పందెం

మా అన్నయ్య నర్సీపట్నంలో కంప్యూటర్ సెంటర్ పెట్టిన కొత్తలో, కోపం వస్తే ముందు మౌస్ మీద, తర్వాత నా మీద చూపించేవాడు. రెండువేల దశకం మొదటి సంవత్సరాలవి. మా ఇంటి ముందుగదిలో రెండే కంప్యూటర్లు. ఒకే షాపులో ఒకే రోజు కొన్నవి. అయినా ఒకటి టక్కున లేచేది, రెండోది మూలుగుతూ లేచేది. కోటవురట్ల నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలకి క్లాసులో సగం దాని ముఖం చూడటానికే సరిపోయేది.

నా బొమ్మల ప్రోగ్రాం ఉన్నది ఆ మూలిగేదానిలోనే! డిగ్రీ అయి ఖాళీగా ఉన్నాను కదా, మధ్యాహ్నాలు క్లాసులు లేనప్పుడు కూర్చుని జీడిమామిడి తోటలు గీసుకునేదాన్ని. ఆ ప్రోగ్రాం సీడీ ఎప్పుడో విరిగిపోయింది. ప్రోగ్రాం తీసేస్తే మళ్ళీ ఎక్కించే దారి లేదు, గీసిన బొమ్మలు తెరుచుకోవు.

ఒక ఉదయం అన్నయ్య తీర్పు చెప్పేశాడు.

"బండి నిండా సెరుకు గడలేసి ఎడ్లు నడవట్లేదంటే ఎలాగే? సెంటరుకి పనికిరానివన్నీ తీసేత్తాను. నీ బొమ్మలది కూడా."

నాకు కోపం వచ్చింది.

"అది బండి మీద సెరుకు కాదన్నయ్యా, గాదెలో ధాన్యం! గాదెలో ధాన్యం ఎడ్లకి బరువేటి? ఒక్కటీ తియ్యకుండా దీన్ని దాంతో సమానంగా లేపుతాను. లేపలేకపోతే నీ ఇష్టం."

"సాయంత్రం బ్యాచ్ వచ్చేదాకా టైము," అన్నాడు నవ్వుతూ.

అనేశాను గానీ, ఎలా లేపాలో నాకేం తెలుసు! ఆపి, మళ్ళీ వేసి, కళ్ళార్పకుండా చూశాను. అప్పుడు కనబడ్డాయి. తెర మూల గడియారం పక్కన చిన్న చిన్న బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరుతున్నాయి. పాటల ప్లేయరు, చాటింగుది, ఎవరూ ముట్టని ప్రింటరుది. ఎవరూ తెరవకుండానే వాటంతట అవే లేస్తున్నాయి. నా బొమ్మల ప్రోగ్రాం మాత్రం అందులో లేదు. పాపం, అది పిలిచేదాకా పడుకునే ఉంది! కోర్సు పుస్తకం తిరగేసి, స్టార్టప్ అనే, వాటంతట అవే లేచేవాటి జాబితా వెతికి పట్టుకుని, ఈ పిలవని పేరంటాళ్ళందరి ముందూ టిక్కులు తీసేశాను. ప్రోగ్రాములు ఎక్కడివక్కడే ఉన్నాయి.

సాయంత్రం పిల్లలంతా రెండు కంప్యూటర్ల వెనకా మూగారు. చర్చిలో పాట ఎత్తించే మా అమ్మే అంపైరు. పాటకి ఎత్తినట్టే చెయ్యెత్తి, "బేగి కానియ్యండి, పొయ్యి మీద కూరుంది," అని దించింది. అన్నయ్యా నేనూ చెరోదాని స్విచ్ ఒకేసారి నొక్కాం. రెండు తెరలూ నల్లగా ఉన్నాయి. తర్వాత నీలంగా మారాయి. తర్వాత రెండూ ఒక్కసారే వెలిగాయి! పిల్లల కేకలకి పక్కింటివాళ్ళు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు. నేనైతే అమ్మని పట్టుకుని గిరగిరా తిప్పేశాను.

అన్నయ్య చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అలిగాడనుకున్నాను.

మర్నాడు చూస్తే సెంటర్ బోర్డు మీద తడి ఆరని కొత్త లైను ఉంది: 'కంప్యూటర్‌లో బొమ్మలు గీయుట నేర్పబడును.'

"ఎవరు నేర్పుతారన్నయ్యా?"

"ఇంకెవరే? ఇంట్లో ఖాళీగా ఉన్నది నువ్వేగా! బేగి రా, బ్యాచ్ వచ్చి కూసుంది."